కారు అడుగున తుప్పు: ముందు మట్టి సంగతి చూడండి

(కర్నూలులో ఒక కాలనీ కమ్యూనిటీ హాలులో ఆదివారం ఉదయం జరిగిన ప్రసంగం. మాట్లాడినవారు బస్సు డిపోలో బాడీ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన మేస్త్రీ. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. మైకు అక్కర్లేదు బాబూ, తీసేయ్. ఉన్నది నలభైమంది. నేను ముప్పైరెండేళ్లు బస్సుల కింద పడుకుని పైనున్నవాళ్లకు వినబడేలా అరిచినవాణ్ణి. వెనకాల వినిపిస్తోందా అమ్మా? వినిపిస్తోంది కదా. సరే.

ముందు ఇది అందుకోండి. పేపర్లో చుట్టి తెచ్చాను. చూసి పక్కవాళ్లకివ్వండి. అంచులు పట్టుకోవద్దు, కోసుకుంటాయి. ఏమనిపిస్తోంది? అప్పడం ముక్కలాగా ఉంది కదూ? అది నా కారు రన్నింగ్ బోర్డు. డోరు కింద, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య పొడుగ్గా పెట్టెలాగా ఉంటుందే, ఆ రేకు. బయటివైపు చూడండి. రంగు ఎంత బాగుందో. మెరుపు కూడా పోలేదు. ఇప్పుడు తిప్పి లోపలివైపు చూడండి. చూశారా? అదీ సంగతి.

ఈ ముక్క కథ చెప్పి తర్వాత పనిలోకి దిగుతాను. 2011లో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను ఈ కారు. ఎవరి దగ్గర అని అడగొద్దు. ఇంజిను బాగుంది, టైర్లు బాగున్నాయి, సీటు కవర్లు కొత్తవి. కొత్త సీటు కవర్లు చూడగానే నాకు అనుమానం రావాలి. రాలేదు. బస్సుల రేకు తట్టి రోగం చెప్పేవాణ్ణి, సొంత కారు దగ్గరికి వచ్చేసరికి పెళ్లికొడుకులాగా కళ్లు మూసుకున్నాను. మూడేళ్లు ప్రతి ఆదివారం కడిగి, పాలిష్ పెట్టి, అద్దంలాగా ఉంచాను. ఒకరోజు డోన్ దాటినాక టైరు పంచరైంది. జాకీ పెట్టాను. తిప్పుతున్నాను, తిప్పుతున్నాను. జాకీ లేస్తోంది, కారు లేవట్లేదు. అర్థమైందా? జాకీ పైకి పోతోంది, కారు మాత్రం ఉన్నచోటే ఉంది. కరకర, కరకర అని చప్పుడు. వంగి చూస్తే జాకీ తల రన్నింగ్ బోర్డు లోపలికి దూరిపోయింది. పిడికెడు గోధుమరంగు పొడి రోడ్డు మీద రాలింది.

ఊరికొచ్చి మా టింకర్ దగ్గర, అదే కార్ల రేకుపని చేసేవాడి దగ్గర, ఆ రేకు కోయించాను. లోపల ఏముందనుకుంటున్నారు? ఒండ్రు. తుంగభద్ర ఒండ్రు. ఎండి, పొరలు పొరలుగా, గిన్నెడు. 2009 అక్టోబరు 2, గాంధీ జయంతి. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మందికి ఆరోజు ఎక్కడున్నారో చెప్పగలిగే జ్ఞాపకం ఉంటుంది. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊళ్లోకి వచ్చిన రోజు. ఆరోజు మునిగిన కార్లలో అది కూడా ఒకటన్నమాట. సీట్లు మార్చారు, కార్పెట్ మార్చారు, పైన కడిగారు. లోపలి పెట్టెలో ఉన్న మట్టి ఎవరికి కనబడుతుంది? నేను పైన పాలిష్ పెడుతుంటే లోపల అది తన పని తాను చేసుకుంటూ పోయింది.

అందుకే ఈరోజు నేను చెప్పబోయేది ఒకటే మాట. దాన్నే తిప్పి తిప్పి చెబుతాను, విసుక్కోవద్దు. కారు కింద పూత వేయడం అనేది ఆఖరి పని. ముందు మట్టి. మట్టి పోవాలి, తడి ఆరాలి, తర్వాతే పూత. మీరు నన్ను పిలిచింది ఏ డబ్బా కొనాలో చెప్పమని. డబ్బా గురించి చెబుతాను. కానీ డబ్బా కంటే ముందు పైపు, కర్రముక్క, ఎండ.

మొన్న నన్ను పిలవడానికి వచ్చినప్పుడు ఇక్కడున్న సారే అన్నాడు, "మనది రాయలసీమ కదన్నా, ఇక్కడ కార్లకు తుప్పేంది?" అని. మంచి ప్రశ్నే. అనంతపురం వైపు ఏడాది మొత్తం పడే వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. మనకు కొంచెం ఎక్కువ. సముద్రం దూరం. వైజాగ్ కారుకు, చెన్నై కారుకు పట్టినట్టు మన కార్లకు ఉప్పుగాలి తుప్పు పట్టదు. ఒప్పుకుంటాను. ఇనుము మీద గాలిలో తేమ అరవై శాతం దాటితే తుప్పు ఊపందుకుంటుంది. మే నెల మధ్యాహ్నం మన ఊళ్లో అంత తేమ ఎక్కడుంది? పెదాలే పగులుతాయి. అంటే గాలి వల్ల మనకు వచ్చే నష్టం తక్కువ. మరి తుప్పు ఎక్కడినుంచి వస్తోంది? మనం అంటించి మోస్తున్న తడి నుంచి.

నల్లరేగడి తెలుసు కదా మీకు? ఆదోని వైపు, నంద్యాల వైపు వానాకాలంలో పొలం గట్టు దాకా కారు తీసుకెళ్లారనుకోండి. చెప్పులకే అంగుళం మందం పట్టే మట్టి అది, చక్రం పైన గూడులో ఎంత పడుతుంది? ఇంటికొచ్చి చూస్తే పైపైన ఎండి, నెర్రెలిచ్చి ఉంటుంది. ఎండిపోయిందిలే అనుకుంటాం. వేలుపెట్టి ఆ పెళ్ల పెకలించి చూడండి, లోపల వెన్నలాగా మెత్తగా ఉంటుంది. వారం తర్వాత చూడండి, అప్పటికీ చెమ్మ. నీళ్లు పట్టి దాచుకోవడంలో నల్లరేగడిని మించింది లేదు, అందుకే గదా దాంట్లో శనగ మంచుకే పండుతుంది. పంటకు అది వరం. రేకుకు అదే శాపం.

ఇంకో సంగతి ఉంది, ఇది వింటే మీకు ఆశ్చర్యమేస్తుంది. మట్టి పెళ్ల కింద గాలి ఆడదు. పెళ్ల అంచుల్లో ఆడుతుంది. ఒకే రేకు మీద ఒకచోట గాలి, పక్కనే గాలి లేదు, రెంటికీ మధ్య తడి. ఆ తేడాకే అక్కడ చిన్న బ్యాటరీ తయారవుతుంది. ఆ బ్యాటరీలో తినబడేది ఎక్కడి ఇనుము? గాలి తగిలేచోటుది అనుకుంటాం. కాదు. గాలి అందనిచోటుది. పెళ్ల కిందిది. అందుకే మట్టి అంటిన చోట గుంటలు గుంటలుగా తింటుంది. కారు రేకు మందమెంత? ముప్పావు మిల్లీమీటరు. గుంట పడ్డానికి ఎంతసేపు?

ఇక రెండోది, నీళ్లు. తుంగ నీళ్లు వచ్చే ఇళ్లవాళ్లు అదృష్టవంతులు. బోరు నీళ్లతో కడిగేవాళ్లు చేతులెత్తండి. చూశారా, ముప్పావు మంది. కడిగి వదిలేస్తే తెల్లమచ్చలు వస్తాయి కదా? పైన అయితే గుడ్డతో తుడుస్తారు. కింద ఎవరు తుడుస్తారు? ఆ తెల్లదాంట్లో ఉప్పు ఉంది. మనం కూరలో వేసే ఉప్పు ఒక్కటే కాదు, మెగ్నీషియం క్లోరైడ్ లాంటివి ఉంటాయి. మామూలు ఉప్పు గాలిలో తేమ డెబ్భై అయిదు శాతం దాటితే నీరుకారుతుంది. ఈ మెగ్నీషియం ఉప్పు ముప్పైమూడు దాటితే చాలు, చెమ్మగిల్లుతుంది. అంటే రాత్రిపూట మన ఊరి గాలి కూడా దానికి సరిపోతుంది. రోజూ రాత్రి రేకు తడుస్తుంది, పొద్దున ఆరుతుంది. వాన లేకుండానే.

మూడోది మీరెవరూ ఊహించనిది. ఏసీ. నవ్వకండి. మార్చి నుంచి జూన్ దాకా ఏసీ ఆపకుండా తిప్పుతాం కదా. కారు ఆపితే కింద నీళ్లు కారుతుంటాయి, చూసే ఉంటారు. ఆ నీళ్లు కారడానికి ఒక చిన్న గొట్టం ఉంటుంది. మన ఊరి దుమ్ముకు ఆ గొట్టం మూసుకుపోతుంది. అప్పుడు నీళ్లు ఎటు పోవాలి? లోపలికి. డాష్‌బోర్డు కింద నుంచి కార్పెట్ కిందికి. కార్పెట్ కింద స్పాంజిలాంటి దళసరి గుడ్డ ఉంటుంది, అది బాగా తాగుతుంది. పైన రబ్బరు మ్యాట్. ఇంక ఆరదు. ఫ్లోరు రేకు పైనుంచి కిందికి తింటూ వస్తుంది. మీరు కిందినుంచి ఎన్ని పూతలు వేస్తే ఏం లాభం? కాబట్టి ఏసీ వేసి పది నిమిషాలు తిప్పినా కారు కింద నీళ్లు పడట్లేదంటే సంతోషించొద్దు. కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి.

రైతులున్నారా ఇక్కడ? ఉన్నారు. అన్నా, డిక్కీలో ఎరువుల మూటలు వేసుకొచ్చారా ఎప్పుడైనా? ఆటో కిరాయి ఎందుకని? ఆ మూట కారిందంటే, ముఖ్యంగా పొటాష్, అది కూడా క్లోరైడే. ఉప్పుకు తమ్ముడు. డిక్కీ మ్యాట్ కింద పడ్డ పిడికెడు పొటాష్ చాలు. నేను చూసిన ఒక కారుకు డిక్కీలో స్టెప్నీ టైరు గుంట అడుగు ఊడిపోయి టైరు కిందికి కనబడుతోంది. ఆయనకు అప్పటికీ తెలీదు.

సరే, రోగం చెప్పాను. ఇప్పుడు వైద్యం. దానికంటే ముందు నా ఇంకో తప్పు చెప్పాలి. రన్నింగ్ బోర్డు వెల్డింగ్ చేయించినాక నాకు భయం పట్టుకుంది. మిగిలిన అడుగంతా కాపాడుకోవాలని నల్లటి తారులాంటి పూత డబ్బాలు తెచ్చి, మందంగా, బ్రష్షుతో, ఎక్కడా సందు లేకుండా పట్టించాను. కడిగానా? పైపైన. ఆరబెట్టానా? పొద్దున కడిగి సాయంత్రం వేశాను. రెండేళ్లయినాక ఒకచోట చిన్న పగులు కనబడితే గోరుతో లాగాను. దోసె లేచినట్టు లేచింది. నూనె రాసిన పెనం మీద దోసె ఎట్లా లేస్తుంది, అట్లా, చేతెడు పొర. దాని వెనకాల తడి. తుప్పునీళ్లు మోచేతి దాకా కారాయి. పూత పైనుంచి చూస్తే నల్లగా నిగనిగలాడుతోంది! అంటే నేనేం చేశాను? తడిని లోపల పెట్టి తాళం వేశాను. పూత లేకుండా వదిలేసినా అంత పాడయ్యేది కాదు. నామాట నమ్మండి, తప్పుగా వేసిన పూత కంటే వేయని పూత మేలు.

కాబట్టి ఇంకోసారి చెబుతున్నాను. మట్టి, తడి, తర్వాత పూత.

ఎప్పుడు చేయాలి? శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది అంటారు కదా. శివరాత్రి నుంచి ఉగాది దాకా మనకు శుభలగ్నం. ఎండ ఉంటుంది, కానీ రేకు ముట్టుకుంటే బొబ్బలెక్కేంత కాదు. మే నెలలో చేస్తే పెయింటు రేకుకు పట్టుకునే లోపలే పైన ఆరిపోతుంది. వానాకాలంలో అసలు వద్దు.

మొదటిరోజు కడగడం. చక్రాల గూళ్లలోకి పైపు పెట్టి, పెదవిలాగా వంగిన అంచు లోపల వేలుపెట్టి చూడండి. మట్టి అక్కడ దాక్కుంటుంది. వెదురు పుల్లతోనో పాత చెక్క గరిటెతోనో గెలకండి. ఇనుప స్క్రూడ్రైవర్ వద్దు, ఉన్న పెయింటు గీసుకుపోతుంది. గూడు లోపల ప్లాస్టిక్ లైనర్, అంటే తొడుగు ఉంటే దాని క్లిప్పులు తీసి వెనక చూడండి, అక్కడ సంసారం చేస్తుంటుంది మట్టి. కారు అడుగు మధ్యలోకి పైపు అందదు కదా? తోటకు నీళ్లు చల్లే తిరుగుడు స్ప్రింక్లర్ ఉంటుంది. దాన్ని కారు కింద పెట్టి పది నిమిషాలు తిప్పండి, తర్వాత కారు ఒక గజం ముందుకు జరిపి మళ్లీ. బోరు నీళ్లతో కడిగినా పర్వాలేదు, ఆఖర్న రెండు బకెట్లు మంచినీళ్లు కొట్టండి.

తర్వాత రెండు రోజులు ఏమీ చేయొద్దు. కారు తిప్పండి, ఎండలో పెట్టండి. ఈ రెండు రోజులు ఎవరూ ఓపిక పట్టరు. పైకి ఆరిన రేకులో రెండు రేకులు కలిసే అతుకు ఉంటుందే, అందులో నీళ్లు ఇంకా ఉంటాయి.

ఇప్పుడు కారు ఎత్తడం. అమ్మా, ఇది మీరు కూడా వినండి, ఇంట్లో మీరే ఆపాలి. జాకీ మీద ఉన్న కారు కిందికి తల పెట్టడం అనేది చావును పిలవడం. జాకీ టైరు మార్చడానికి, మనిషి దూరడానికి కాదు. ఎత్తిన కారును మోసే ఇనుప స్టాండ్లు కొనండి, జత. లేదంటే చక్రాలు ఎక్కించే ర్యాంపులు. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేర్లో పెట్టి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. ఇటుకలు పేర్చి పెడతారు కొంతమంది. సిమెంటు ఇటుక బరువుకు నెమ్మదిగా వంగదు, ఒక్కసారిగా పిండైపోతుంది. మన ఇళ్ల ముందు నాపరాళ్లు పరుస్తాం కదా, కడప బండలు, బేతంచెర్ల బండలు. కింద ఇసుక కుంగి బోలుగా ఉంటే స్టాండు కాలు పడ్డచోట బండ ఫట్‌మంటుంది. కాబట్టి స్టాండు కింద మందపాటి చెక్క పలక వేయండి. ఎత్తినాక కారును చేత్తో గట్టిగా ఊపండి. ఊగితే దించి మళ్లీ పెట్టండి. పక్కన ఒక మనిషి ఉండాలి. నేను డిపోలో చూసినవి ఉన్నాయి, అవి ఇక్కడ చెప్పను.

లోపలికి వెళ్లినాక మొదట పెయింటు ముట్టుకోవద్దు. టార్చి, స్క్రూడ్రైవర్. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోండి. మంచి రేకు టంగుమంటుంది. తినేసిన రేకు మొద్దుగా, తడిసిన డప్పులాగా పలుకుతుంది. కొంచెం పొడిచి చూడండి. మూడు రకాలు కనబడతాయి. పైపైన కుంకుమ పూసినట్టు ఎర్రగా ఉండేది, అది భయపడక్కర్లేదు. పొలుసులు పొలుసులుగా ఉబ్బింది, అది గీకాలి. ఇనుము తుప్పుగా మారితే దాని చోటుకు రెండుమూడింతలు పైనే ఆక్రమిస్తుంది, అందుకే ఉబ్బుతుంది. మూడోది చిల్లు. చిల్లు పడితే, ముఖ్యంగా రన్నింగ్ బోర్డులో, ఛాసిస్ పట్టీల్లో, సస్పెన్షన్ బిగించేచోట, మీ పని అక్కడితో ఆపండి. టింకర్ దగ్గరికి, వెల్డింగ్‌కి. పుట్టీ పెట్టి మూసేసి నల్లరంగు వేయడం అనేది అమ్ముకునేవాడు చేసే పని. బ్రేకు గొట్టాలు, సన్నటి ఇనుప గొట్టాలు వెనక్కి పోతుంటాయి, అవి పొలుసులెక్కి ఉంటే వాటిని గీకొద్దు, పూయొద్దు. మార్పించండి.

గీకేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. మీరు కిందున్నారు, తుప్పు పైనుంది, ఎక్కడ పడుతుంది? కళ్లలో. ముక్కుకు మాస్కు. వైర్ బ్రష్, తర్వాత ఎనభై నంబరు ఎమరీ కాగితం. ఊడేదంతా ఊడాలి. తర్వాత థిన్నరు గుడ్డతో తుడవండి. పెట్రోలుతో తుడిచేవాళ్లున్నారు, కారు కింద పడుకుని పెట్రోలు గుడ్డ పట్టుకోవడం కంటే తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

ఎంత గీకినా గుంటల్లో కొంచెం తుప్పు మిగులుతుంది. దానికి మందు ఉంది. రస్ట్ కన్వర్టర్ అని అమ్ముతారు. తుప్పును తీసేది కాదు, తుప్పును ఇంకోటిగా మార్చేది. దాంట్లో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది, లేదా టానిన్ ఉంటుంది, లేదా రెండూ. టానిన్ అంటే ఏదో అమెరికా సరుకు అనుకోవద్దు. శ్రీకాళహస్తి కలంకారీ చూశారు కదా? అందులో నల్లరంగు ఎట్లా వస్తుంది? తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లలో వేసి కుండలో రోజులతరబడి పులియబెడతారు. దాన్ని కసిం అంటారు. గుడ్డనేమో ముందే కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. ఆ గుడ్డ మీద కసింతో గీత గీస్తే కళ్లముందే నల్లబడుతుంది. ఎందుకు? కరక్కాయలో టానిన్ ఉంది, కసింలో ఇనుము ఉంది, రెండూ కలిసి నల్లటి, నీళ్లకు కరగని పదార్థం అయింది. ఆ గీత ఉతికినా పోదు. కన్వర్టర్ మీ కారు కింద చేసేది అదే పని. ఎర్రటి తుప్పు మీద రాస్తే కాసేపటికి నీలంనలుపు తిరుగుతుంది. తిరిగిందంటే పట్టుకుందని లెక్క. తిరగలేదంటే అక్కడ నూనె ఉంది, మళ్లీ తుడవండి. ఇంకోమాట, మందంగా పొలుసులున్న చోట రాస్తే పై పొర మాత్రమే నల్లబడుతుంది, లోపల ఎర్రది అలాగే ఉంటుంది. అందుకే ముందు గీకమన్నది.

దాని మీద ప్రైమర్. రెడ్ ఆక్సైడ్ చాలు, మన కిటికీ గ్రిల్లులకు వేసేదే. డబ్బులుంటే జింక్ ప్రైమర్ మేలు, కాకపోతే జింకు శుభ్రమైన ఇనుమునే తాకాలి, కన్వర్టర్ మీద వేస్తే దాని గుణం పనిచేయదు. జింకు తాను ముందు అరిగి ఇనుమును కాపాడుతుంది, ఇంట్లో పెద్దన్నలాగా. ఏదైనా సరే పల్చగా రెండుసార్లు. ఒకరోజు ఆరనివ్వాలి.

ఇప్పుడు డబ్బా. రెండు జాతులున్నాయి. ఒకటి రబ్బరులాగా గట్టిపడే నల్ల పూత. రెండోది మైనంలాగా, నూనెలాగా మెత్తగా ఉండిపోయేది. ఏది మంచిది అని అడుగుతారు. చోటును బట్టి. చక్రాల గూళ్లలో కంకర రాళ్లు ఎగిరి తగులుతాయి, అక్కడ రబ్బరు పూత వేయండి, దెబ్బ ఓర్చుకుంటుంది. అతుకుల్లో, మడతల్లో, రన్నింగ్ బోర్డు లోపల మైనం జాతి వేయండి. అది సందుల్లోకి పాకుతుంది, గీత పడినా మళ్లీ సర్దుకుంటుంది, పగలదు, లోపల తాళం వేయదు. కాకపోతే ఏడాదికోసారి మళ్లీ కొట్టాలి, దుమ్ము పట్టి అసహ్యంగా ఉంటుంది. అసహ్యంగా ఉంటే ఏం? కింద ఎవరు చూస్తారు? నన్నడిగితే, పాత కారుకు మైనం జాతే నయం. రబ్బరు జాతి నాకు ఇంకా ఆ దోసెను గుర్తుచేస్తుంది.

రన్నింగ్ బోర్డు లోపలికి ఎట్లా? కింద రబ్బరు బిరడాలు ఉంటాయి. తీసి, పొడుగు సన్నగొట్టం ఉన్న స్ప్రే దూర్చి, వెనక్కి లాక్కుంటూ కొట్టండి. బిరడా మళ్లీ పెట్టండి.

ఎక్కడ పూయకూడదో ఇది ముఖ్యం. సైలెన్సరు, దాని గొట్టాలు. వందల డిగ్రీలు వేడెక్కుతాయి, పొగ వస్తుంది, మంటే రావచ్చు. బ్రేకు డిస్కులు, డ్రమ్ములు. వాటి మీద మైనం పడిందంటే ఆ సాయంత్రమే బ్రేకు పడదు. రబ్బరు బుష్షులు, యాక్సిల్‌కు ఉండే రబ్బరు తొడుగులు, వైర్ల కనెక్టర్లు, సెన్సర్లు. పేపరు చుట్టి టేపు వేయండి. తర్వాత నీళ్లు కారే చిల్లులు. రన్నింగ్ బోర్డు అడుగున, డోరు అడుగున సన్న చిల్లులు కావాలనే పెట్టారు. వాటిని మూశారా, మీ కారు కుండ అవుతుంది. నేనేం చేస్తానంటే, పూత వేసే ముందు ఒక్కో చిల్లులో ఒక్కో కాలిపోయిన అగరబత్తి పుల్ల దూరుస్తాను. పని అయినాక తిప్పి లాగేస్తే చిల్లు శుభ్రంగా ఉంటుంది. మా ఆవిడ దేవుడి గదిలో పుల్లలు పారేయదు ఇప్పుడు, డబ్బాలో పెడుతుంది.

స్ప్రే డబ్బాలో ఉండే గ్యాస్ అంటుకునేది. తలుపులు మూసిన షెడ్డులో వద్దు, బీడీ వద్దు.

ఇప్పుడు అడగండి.

కొత్త కారుకు కావాలా అని సారు అడుగుతున్నారు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019లో మొదలైంది కదా, మన సీమలోనే కార్లు తయారవుతున్నాయి. అక్కడనే కాదు, ఈరోజుల్లో ఏ కంపెనీ అయినా బాడీని మొత్తంగా పెయింటు తొట్టిలో ముంచి, కరెంటు పెట్టి, మూలమూలకూ పట్టేలా చేస్తుంది. దాని మీద అతుకులకు సీలెంటు. మనం బ్రష్షుతో అంత చేయలేం. కొత్త కారుకు కడగడం చాలు. ఏడాదికోసారి చూసి, రాయి తగిలి పెచ్చు ఊడినచోట ప్రైమరు పెట్టండి. ఆ డబ్బులతో తిరుపతి వెళ్లిరండి.

పాత ఇంజినాయిలు కొట్టొచ్చా? అడుగుతారని తెలుసు. లారీలకు, జీపులకు కొట్టడం మేమూ చూశాం. తుప్పును కొంత ఆపుతుంది, కాదనను. కానీ వాడిన ఆయిల్లో క్యాన్సర్ తెచ్చే సరుకు ఉంటుంది, చర్మానికి తగలకూడదు. రబ్బరు ఉబ్బుతుంది. కారి నేలలో ఇంకుతుంది, మీ బోరు నీళ్లు మీరే తాగాలి. వద్దు.

కరెంటుతో తుప్పు ఆపే పెట్టె? ఓడలకు, భూమిలో పూడ్చిన పైపులకు ఆ పద్ధతి పనిచేస్తుంది, ఎందుకంటే చుట్టూ నీళ్లో తడి మట్టో ఉండి కరెంటుకు దారి ఇస్తుంది. కారు చుట్టూ ఉన్నది గాలి. దారేది? డబ్బులు మిగిల్చుకోండి.

కవరు కప్పడం మంచిదే కదా అంటున్నారమ్మ. ఆరిన కారు మీద మంచిదే. తడి కారు మీద, నేల దాకా వేలాడే ప్లాస్టిక్ కవరు వేస్తే ఇడ్లీ పాత్రలో పెట్టినట్టే.

ఎలక్ట్రిక్ కారు ఉందా బాబూ నీకు? అడుగున ఉండేది బ్యాటరీ పెట్టె. ఆరెంజ్ రంగు వైర్లు కనబడితే అటు చెయ్యి కూడా పెట్టొద్దు. మెల్లగా నీళ్లతో కడిగించు, అంతే, స్ప్రేలూ గీకుళ్లూ ఇంట్లో వద్దు.

నా కారు ఏమైందా? ఇంకా ఉంది. ఈరోజు దాంట్లోనే వచ్చాను. మాట వినేది కాదు కానీ, జాకీ పెడితే లేస్తుంది.

మాటలు చాలు. సారు కారు బయట పెట్టించారు, చక్రాల గూడులో మట్టి ఎట్లా దాక్కుంటుందో చూపిస్తాను. గోనెసంచి ఎవరైనా తెచ్చారా? పరవండి. బాబూ, అప్పుడే ఎత్తేశావా? స్టాండు ఏదీ? కార్లో ఉందా? తెచ్చి పెట్టు ముందు. అది పెట్టేదాకా నేను దూరను.